మెదడు తరంగాలకు మార్కులు వేయవచ్చునా?

గత విద్యాసంవత్సరం మన కళాశాలలో జరిగిన విజ్ఞాన ప్రదర్శనలో అన్నింటికంటె ఎక్కువమంది గుమిగూడిన బల్ల మాది. ఆ బల్లపై ఒక లాప్‌టాప్, దాని ప్రక్కన నుదుటికి తగిలించుకొనే చిన్న హెడ్‌సెట్ తప్ప వేరేమీ లేవు. “మీ మెదడులోని విద్యుత్తును మీ కళ్ళతోనే చూడండి” అని తెలుగులోను, ఉర్దూలోను వ్రాసి గోడకు అంటించాము. అధ్యాపకులు మెచ్చుకొన్నారు. తోటి విద్యార్థులు వరుస కట్టారు. అయితే ఆనాటి ప్రశంసలను గూర్చి ఈ సంచికలో వ్రాయదలచలేదు. ఆనాడు మేము చేసిన ఒక పొరపాటును గూర్చి, ఆ పొరపాటు మాకు నేర్పిన దానిని గూర్చి వ్రాయదలచాము. ఈ సంవత్సరం మా పరిశోధన కొనసాగవలెనా, వద్దా అని కళాశాల కమిటీవారు ఆలోచిస్తున్న తరుణంలో ఈ విషయం దాచకుండా చెప్పడం మా విధి అని భావిస్తున్నాము.

ఆ మధ్యాహ్నం మిర్చి యార్డులో హమాలీ పని చేసే ఒక పెద్దాయన, పదో తరగతి చదివే తన కుమారుని వెంటబెట్టుకొని మా బల్ల వద్దకు వచ్చారు. “బాబూ, మావాడికి చదువు ఎక్కుద్దో లేదో మీ మిషన్ చెప్పుద్దంటగా. కాస్త చూసి చెప్పండి” అన్నారు. మేము ఆ కుర్రవాని నుదుటికి ఎలక్ట్రోడు ఆనించి, చెవి తమ్మెకు క్లిప్పు పెట్టాము. తెరపై ‘ఏకాగ్రత’ అనే మాట క్రింద 31 అని పడింది. మాలో ఒకరు నవ్వుతూ “ఇంకా పెరగాలి తమ్ముడూ” అన్నారు. కుర్రవాడు తల వంచుకొన్నాడు. తండ్రి అతని భుజంపై చేయి వేసి, “సరేలే బాబూ, మంచిది” అని నెమ్మదిగా వెళ్ళిపోయారు.

సాయంకాలం జనం పలుచబడిన తర్వాత ఆనాటి రికార్డులను ఒక్కొక్కటిగా తెరచి చూశాము. ఆ కుర్రవాని రికార్డులో మెదడు తరంగం జాడ లేనే లేదు. ఎండన పడి వచ్చిన నుదుటిపై చెమట, జుట్టు నుండి జారిన కొబ్బరినూనె, సరిగా పట్టని చెవి క్లిప్పు, నెత్తిన తిరుగుతున్న పంకా, ఇవన్నీ కలసి గీసిన పిచ్చిగీత అది. 31 అన్న అంకె ఆ కుర్రవాని తలలో నుండి రాలేదు. మా అజాగ్రత్తలో నుండి వచ్చింది. ఆ మాట వారికి చెప్పి రావలెనని అనుకొన్నాము. కాని ఆయన పేరు గాని, ఊరు గాని మేము అడిగి ఉండలేదు. యార్డుకు రెండు మార్లు వెళ్ళి వెదికాము. టిక్కీలు మోసే వందలాదిమందిలో ఆయనను కనుగొనలేకపోయాము.

ఇంతకూ మేము కొలవబోయినది ఏమిటి? మన మెదడులోని నాడీకణాలు విద్యుత్, రసాయన సంకేతాల ద్వారా ఒకదానితో ఒకటి వ్యవహరిస్తాయి. ఒక్క కణం చేసే సవ్వడి పుర్రె దాటి వెలుపలికి అందదు. లక్షలాది కణాలు ఒకే తాళంలో కదలినపుడు మాత్రమే దాని జాడ తలపై చర్మానికి చేరుతుంది. అది సాధారణంగా 10 మొదలు 100 మైక్రోవోల్టుల వరకు ఉంటుంది. మైక్రోవోల్టు అంటే వోల్టులో పదిలక్షల వంతు; టార్చిలైటులో వేసే ఒక సెల్లు వోల్టేజి 1.5 వోల్టులు. యార్డులో క్రయవిక్రయాలు జోరుగా సాగుతుండగా గేటు వెలుపల నిలిచినవానికి లోపలి కేకలన్నీ కలసి ఒక హోరుగా వినవస్తాయి. ఆ హోరును బట్టి యార్డు నడుస్తున్నదో, సెలవో చెప్పవచ్చు. సందడి పెరిగినదో, తగ్గినదో చెప్పవచ్చు. ఏ కొట్టులో ఏ రైతు ఏ ధరకు ఒప్పుకొన్నాడో మాత్రం చెప్పలేము. ఈఈజీ అని మనం పిలుచుకొనే విద్యుత్ మస్తిష్క లేఖనం కూడ గేటు వెలుపల నిలిచి వినడం వంటిదే.

ఈ తరంగాలను వాటి వేగాన్ని బట్టి విభజించారు. సెకనుకు 4 కంటె తక్కువ మార్లు వచ్చేది డెల్టా. 4 నుండి 8 వరకు తీటా. 8 నుండి 13 వరకు ఆల్ఫా. 13 నుండి 30 వరకు బీటా. గాఢనిద్రలో డెల్టా ప్రబలుతుంది. మేలుకొని ప్రశాంతంగా కళ్ళు మూసుకొన్నపుడు తల వెనుక భాగంలో ఆల్ఫా స్పష్టమవుతుంది; కళ్ళు తెరవగానే తగ్గిపోతుంది. మా పరిశోధనలో మేము నిజంగా చూడగలిగినది ఈ ఒక్క మార్పునే. అదీ కొందరిలో స్పష్టంగాను, కొందరిలో అస్పష్టంగాను కనిపించింది. నుదుటిపై ఒకే ఎలక్ట్రోడు గల పరికరానికి తల వెనుక పుట్టే తరంగం బలంగా అందకపోవడం ఇందుకు ఒక కారణం. ఆస్పత్రిలో తల అంతటా, కొలిచి నిర్ణయించిన స్థానాలలో ఇరవైకి పైగా ఎలక్ట్రోడులు అమర్చి తీసే పరీక్షకు, మా పరికరానికి పోలిక లేదు.

ఈ శాస్త్రచరిత్రలోనే మాకొక హెచ్చరిక ఉన్నది. 1875లో లివర్‌పూల్ వైద్యుడు రిచర్డ్ కాటన్ కుందేళ్ళ మెదళ్ళలోను, కోతుల మెదళ్ళలోను విద్యుత్ ప్రవాహాలను గుర్తించాడు. మనిషి మెదడు తరంగాలను తొలిసారి 1924లో జర్మనీలోని యేనా నగరంలో హాన్స్ బెర్గర్ రికార్డు చేశాడు. ఆయనను ఈ మార్గాన నడిపించినది ఒక విచిత్రమైన నమ్మకం. యౌవనంలో సైనిక శిక్షణలో ఉండగా గుర్రంపై నుండి పడి ఆయన ప్రాణాపాయం తప్పించుకొన్నాడు. అదే రోజు, దూరాన ఉన్న సోదరి అతనికేదో కీడు జరిగినదని కలవరపడగా తండ్రి టెలిగ్రాం పంపాడు. ఒక మనస్సు నుండి మరొక మనస్సుకు భావం ఎట్లు చేరినదో తెలుసుకొనవలెనని బెర్గర్ జీవితమంతా తపించాడు. ఆయన వెదకినది దొరకలేదు, వెదకనిది దొరికింది. అయినా తొందరపడక, కంటి రెప్పపాటో, రక్తనాళాల స్పందనో తనను మోసగిస్తున్నదేమోనని ఐదు సంవత్సరాలు పరీక్షించి, 1929లో గాని ప్రకటించలేదు. 1934లో కేంబ్రిడ్జిలో ఏడ్రియన్, మాథ్యూస్‌లు ధ్రువపరచిన తర్వాతనే లోకం నమ్మింది. బెర్గర్ ఐదేళ్ళు సందేహించాడు. మేము ఐదు నిమిషాలైనా సందేహించక ఒక కుర్రవానికి మార్కు వేశాము.

ఇక్కడ కొందరు మిత్రులు, “అయితే పొరపాటు పరికరం అమరికలోనే గదా! ఈసారి నూనె తుడిచి, పంకా ఆపి, సరిగా కొలిస్తే ఆ అంకె నిజమవుతుంది గదా!” అనవచ్చు. కాదని మా అభిప్రాయం. రెప్పపాటు, దవడ బిగింపు, పంకా నుండి, దీపాల నుండి వచ్చే 50 సైకిళ్ళ విద్యుత్ రొద వీటిని తొలగించడం నేర్చుకొనదగిన విద్యయే. వాటిని తొలగించిన తర్వాత మిగిలేది తరంగం. ఆ తరంగం నుండి ‘ఏకాగ్రత’ అనే అంకె ఏ సూత్రాన్ని బట్టి పుట్టినదో మా పరికరం చెప్పదు. సూత్రం తెలియని లెక్కకు మన గణితశాస్త్ర అధ్యాపకులు సున్న వేస్తారు. యంత్రం వేసిన లెక్కకు మాత్రం మనం ఎందుకు తల వంచవలెను?

ఇంకొక లోతైన కారణం కూడ ఉన్నది. మన పొరుగున తమిళనాడులో ధన్యా పరమేశ్వరన్, తారా త్యాగరాజన్ అనే పరిశోధకులు తీగలు లేని హెడ్‌సెట్లతో కుగ్రామాల నుండి నగరాల వరకు 48 ఆవాసాలలో 402 మంది మెదడు తరంగాలను రికార్డు చేసి, 2017లో ఫలితాలను వెల్లడించారు. ఆల్ఫా తరంగాల బలం మనిషికీ మనిషికీ ఎంతో భేదించిందనీ, ఆ భేదం ఆదాయం, చదువు, ప్రయాణాలు, ఫోను వాడకం వంటి జీవన పరిస్థితులతో ముడిపడి కనిపించిందనీ వారు తెలిపారు. పరిస్థితి వల్లనే తరంగం మారినదని ఇంతమాత్రాన రుజువు కాలేదు. కాని మాకు ఇందులో ఒక ముఖ్యమైన పాఠం ఉన్నది. ఆస్పత్రులలోను, విశ్వవిద్యాలయాలలోను తీసిన కొలతలను పట్టుకొని ‘ఇది మామూలు మెదడు’ అని గీత గీస్తే, ఆ గీతకు మన పల్లె మనిషి ఎప్పుడూ దిగువనే నిలువవచ్చు. హమాలీ కుమారుని తలలో నుండి వచ్చిన అంకె సరియైనదే అనుకొందాము. అది అతని తెలివిని చెప్పినదా? అతని ఇంటిలో వెలుగుతున్న దీపాన్ని, అతడు తిన్న అన్నాన్ని, రాత్రి అతడు నిదురించిన గంటలను చెప్పినదా? ఆ రెండింటినీ విడదీయగల పరికరం మా బల్లపై లేదు.

ఈ భయం ఊహామాత్రం కాదు. చైనా దేశంలో జెజియాంగ్ రాష్ట్రపు జిన్‌హువా నగరంలోని ఒక ప్రాథమిక పాఠశాలలో పిల్లల నుదుళ్ళకు ఇట్టి పట్టీలు కట్టి, ఎవరు శ్రద్ధగా వింటున్నారో రంగు దీపాల ద్వారా ఉపాధ్యాయులకు తెలిపే ఏర్పాటు చేశారు. 2019లో ఆ సంగతి బయటపడగా ప్రజలు ఆక్షేపించారు. అధికారులు ఆ ప్రయోగాన్ని నిలిపివేశారు. మన గుంటూరు సంగతి మనకు తెలియనిది కాదు. ర్యాంకుల ప్రకటనలు గోడలను, పత్రికలను నింపే సీమ మనది. ఇంటర్మీడియట్ విద్యార్థి తెల్లవారుజామున లేచి రాత్రి పొద్దుపోయే వరకు పుస్తకానికి అతుక్కొని కూర్చొనే సీమ మనది. ఇట్టి చోట, ‘మీ అబ్బాయి ఏకాగ్రత ఇంత’ అని చెప్పే పట్టీ దొరికితే దానిని కొనని విద్యావ్యాపారి ఉంటాడా? మార్కు తక్కువైతే ‘చదవలేదు’ అంటారు, చదివి దిద్దుకొనవచ్చు. మెదడే తక్కువ అంటే ఆ పిల్లవాడు ఎక్కడికి పోవలెను?

న్యాయస్థానాలకు కూడ ఈ ప్రశ్న ఎదురైంది. 2008లో పుణెలోని ఒక సెషన్సు న్యాయస్థానం హత్యకేసులో నిందితురాలిపై జరిపిన మెదడు తరంగాల పరీక్షను కూడ ఆధారంగా స్వీకరించింది. ఆ తర్వాత 2010 మే 5న సుప్రీంకోర్టు, సెల్వి కేసుగా ప్రసిద్ధమైన తీర్పులో, మనిషి సమ్మతి లేకుండా నార్కో పరీక్ష గాని, పాలిగ్రాఫ్ గాని, మెదడు తరంగాల పరీక్ష గాని జరుపరాదని స్పష్టం చేసింది. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పవలసిన నిర్బంధం ఎవరికీ ఉండరాదన్న రాజ్యాంగంలోని 20(3) అధికరణాన్ని ఇందుకు ప్రాతిపదికగా చేసుకొన్నది. నేరారోపణ నెదుర్కొనేవానికే తన మెదడుపై ఇంత హక్కు ఉండగా, ప్రదర్శన చూడవచ్చిన పదో తరగతి బాలునికి ఉండదా? మేము అతని సమ్మతి అడగలేదు. తండ్రి తానై అడిగాడు గదా అని మమ్ములను మేము సమర్థించుకోలేము. ఏమి కొలుస్తామో, ఏమి కొలవలేమో ముందుగా చెప్పకుండా పొందినది సమ్మతి కానేరదు.

ఇంత చెప్పి, పరికరాన్ని బీరువాలో పెట్టి తాళం వేయమని మేము కోరడం లేదు. నిజానికి మా వాదం దీనికి విరుద్ధమైనది. ఈ పరిశోధన సాగవలెను. కాని అది ఈ నేలకు సంబంధించిన ప్రశ్నను అడగవలెను. పిల్లల ఏకాగ్రతకు అంకెలు వేయడం ఎక్కడైనా చేయగల గారడీ. గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలపై నివసించే మనకు మెదడును గూర్చి అడగవలసిన ప్రశ్న వేరే ఉన్నది.

మన పెద్దలు 1987-88 సంవత్సరాన్ని మరువలేదు. ఆ ఏట పత్తిచేలపై తెల్లదోమ విరుచుకుపడింది. మందుపై మందు కొట్టినా పంట దక్కక, అప్పులపాలై, ఈ రెండు జిల్లాలలో రైతులు ఆత్మహత్యలు చేసుకొన్నారు. 2021-22లో మిరప పూతను క్రొత్త రకం తామరపురుగు కబళించింది. మళ్ళీ మందుల పిచికారీ పెరిగింది. ఆ మందులలో ఆర్గానోఫాస్ఫేట్ జాతివి నాడీమండలంపైననే పని చేస్తాయి. నాడుల మధ్య సంకేతం అందించే ఎసిటైల్‌కోలిన్ అనే పదార్థాన్ని ఎప్పటికప్పుడు విచ్ఛిన్నం చేసే ఎంజైమును అవి స్తంభింపజేస్తాయి. పురుగు చచ్చేది అందువల్లనే. పంపు వీపున కట్టుకొన్న మనిషికి తల తిరగడం, చూపు మసకబారడం, ఒళ్ళు వణకడం కూడ అందువల్లనే. ఇది ఈఈజీకి క్రొత్త విషయం కాదు. ఈ మందులకు గురైన మనుషుల ఈఈజీలలో మార్పులను మెట్‌కాఫ్, హోమ్స్ అనే శాస్త్రజ్ఞులు 1969లోనే వివరించారు. ఇదే జాతికి చెందిన సారిన్ అనే విషవాయువుకు ప్రమాదవశాత్తు గురైన కార్మికుల మెదడు తరంగాలలో, ఏడాది గడచిన తర్వాత కూడ, ఇతరులతో పోల్చితే భేదం కనిపించిందని డఫీ, ఆయన సహచరులు 1979లో ప్రకటించారు. చేలో కొట్టే మందు, సారిన్ ఒకటి కావు. మోతాదులూ ఒకటి కావు. అయినా ప్రశ్న సరియైనదే. ప్రతి సీజనులోను పిచికారీ చేసే మన కూలీల నిద్ర, జ్ఞాపకం, మెదడు తరంగాలు ఎట్లున్నవి?

ఈ ప్రశ్నకు సమాధానం మా నుదుటి పట్టీ చెప్పలేదని మాకు తెలుసు. దానికి గుంటూరు వైద్య కళాశాలలోని నాడీవైద్య నిపుణులు, వారి పరికరాలు కావలెను. ఏ మందు, ఎప్పుడు, ఎంత వాడతారో తెలిపేందుకు లాం వ్యవసాయ పరిశోధనా కేంద్రంవారి సహాయం కావలెను. అయితే మా వద్ద ఉన్నదీ తక్కువేమీ కాదు. మాలో చాలామంది ఆ కూలీల ఇండ్లనుండే వచ్చాము. ఎవరు ఏ రోజు మందు కొట్టారో, ఆ రాత్రి ఎట్లు నిదురించారో మా అమ్మానాన్నలు మాకు చెప్పినట్లు తెల్లకోటు వేసుకొన్న అపరిచితునికి చెప్పరు. పిచికారీ దినచర్య పుస్తకాలు వ్రాయించడం, తెలుగులోను, ఉర్దూలోను విషయం వివరించడం, రికార్డులలోని రొదను తీసివేసే పని నేర్చుకొనడం మా వంటి డిగ్రీ విద్యార్థులు చేయదగినవి. పెద్ద సంస్థల పరిశోధనకు ఈ చిన్న చేతులు ఉపకరిస్తాయని మా విశ్వాసం.

కావున కళాశాల కమిటీవారికి మేము నాలుగు విషయాలు మనవి చేస్తున్నాము.

మొదటిది, ఏ విద్యార్థి మెదడు తరంగాలనైనా అతని మార్కులకు గాని, ప్రవేశానికి గాని, ప్రవర్తనకు గాని ఏ రూపంలోను ముడిపెట్టరాదని తీర్మానించవలెను. ‘ఏకాగ్రత’ అంకె చూపే భాగాన్ని మేము ఇదివరకే తెర నుండి తొలగించాము.

రెండవది, భారత వైద్య పరిశోధనా మండలి 2017లో వెలువరించిన నైతిక మార్గదర్శకాల ప్రకారం, మానవులపై జరిగే పరిశోధనకు నైతిక సమితి అనుమతి కావలెను. మన కళాశాలలో అట్టిది లేదు కనుక, వైద్య కళాశాల సమితి ద్వారా ఆ అనుమతి పొందేందుకు కమిటీవారు లేఖ వ్రాయవలెను.

మూడవది, సమ్మతి పత్రం పాల్గొనేవారి వాడుకభాషలో ఉండవలెను. చదువు రానివారికి చదివి వినిపించవలెను. పద్దెనిమిదేళ్ళు నిండనివారి విషయంలో తల్లిదండ్రుల అనుమతితోపాటు ఆ పిల్లల అంగీకారమూ తీసుకొనవలెను. ఉర్దూలో సమ్మతిని ‘రజామందీ’ అంటారు. అందులో రాజీపడి ఒప్పుకొనడం కాక, మనసారా ఒప్పుకొనడం అనే అర్థం ఉన్నది. మాకు కావలసినది అదే. విద్యార్థినుల రికార్డులను వేరు గదిలో విద్యార్థినులే తీసే ఏర్పాటు కూడ ఉండవలెను. తలపై ముసుగు సవరించుకొనవలసి వస్తుందన్న సంకోచంతో నిరుడు మా సోదరీమణులు కొందరు దూరంగా నిలిచిపోయారు. ఆ లోపం మాదే.

నాలుగవది, ఈ పనికి ఒక ఏడాది గడువు చాలదు. ఒక బృందం పరీక్షలు వ్రాసి వెళ్ళిపోగానే మరొక బృందం దానిని అందుకొనే విధంగా రికార్డులు, పుస్తకాలు కళాశాల వద్దనే భద్రపరచవలెను. తలుపుకు తాళం, రికార్డులకు పేర్ల బదులు సంఖ్యలు ఉంటే చాలు. పెద్ద ఖర్చు లేదు.

తోటి విద్యార్థులకు కూడ ఒక మాట. ఫోనులో, దుకాణంలో, ప్రకటనలో ఎవరైనా మీ మెదడుకు అంకె చూపితే, “ఈ లెక్క ఎట్లు వచ్చింది?” అని అడగండి. సమాధానం రాకపోతే ఆ అంకెను అక్కడనే విడిచి రండి. విజ్ఞానశాస్త్రం మనకు ఇచ్చిన గొప్ప ఆయుధం పరికరం కాదు, ఆ ప్రశ్నయే.

ఈ సంవత్సరపు ప్రదర్శనలో మా బల్ల ఉంటుందో లేదో కమిటీవారి నిర్ణయంపై ఆధారపడి ఉన్నది. ఉన్న యెడల, గోడపై నిరుడు వ్రాసిన వాక్యం క్రింద మరొక వాక్యం చేరుస్తాము: “ఈ పరికరం ఎవరి తెలివినీ కొలవదు.” ఆ పెద్దాయన తన కుమారునితో మళ్ళీ వస్తే, ముందుగా వారి పేర్లు అడుగుతాము, కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇస్తాము, నిరుడు చూపిన అంకె తప్పని, అది మా తప్పేనని చెబుతాము. ఈ పత్రిక చదివిన వారెవరైనా వారిని ఎరిగి ఉంటే, ఆ కుర్రవానికి ఈ మాట అందజేయవలసినదిగా ప్రార్థిస్తున్నాము.